చిటికెనవేలంత మంట

పుంతా అరేనాస్‌లో గాలికి ఒక్కపూటా సెలవు లేదు.
జలసంధి మీంచి దిగి, రేకుల కప్పుల్ని దడదడలాడించి,
వీధి కుక్కల చెవుల్ని వెనక్కి దువ్వి పోతుంది.
అందుకే మొదట నేను గాలినే తిట్టాను.

జూన్ నెల. పదింటికి గాని తెల్లవారదు.
వంటింటి వెనకగదే నా సెలూన్.
ఒక కుర్చీ, మూల పగిలిన అద్దం, సింకు,
గోడకి తెల్లపెట్టె, నీళ్లు కాచే గ్యాస్ హీటర్.
దాని గాజుకంట్లోంచి వంగి చూస్తే
చిటికెనవేలంత నీలిమంట.

ఎదెల్మీరా గారి తలంతా నురగ పట్టించాక
నీళ్లు మంచయ్యాయి.
"నెవెంకా, నన్ను చంపడానికేనా పిలిచావ్!"
మంట కొండెక్కింది.

మోకాళ్ల మీద కూలబడ్డాను.
గుండీ నొక్కాలి, అగ్గిపుల్ల గీయాలి, అంకెలు లెక్కపెట్టాలి.
ఇరవై దగ్గర వదిలితే అలుగుతుంది.
ముప్పైకీ బెట్టు.
అరవై దాకా, బొటనవేలు పాలిపోయేదాకా నొక్కి
మెల్లగా వదిలాను,
నిద్రపోయిన పిల్ల తలకింద నుంచి చెయ్యి లాక్కున్నట్టు.
నిలిచింది.
ఆవిడకి తువ్వాలు చుట్టేలోపు మళ్లీ లేదు.

మాన్సీయా వచ్చాడు, ఒక చెవి వినపడని మేస్త్రీ.
సన్నసూదితో రంధ్రం పొడిచాడు, నుసి ఊదాడు,
థర్మోకపుల్ మార్చాడు.
రాగితీగ, దాని చివర అగ్గిపుల్ల తలంత మొన.
"ఒళ్లు కాలుతున్నంతసేపే ఇది గ్యాస్‌కి దారి విడుస్తుంది.
మాట మీద నమ్మే రకం కాదు" అన్నాడు.
ఇరవై వేల పెసోలు.
శుక్రవారం నాలుగుసార్లు ఆరింది.

ఈసారి పనిముట్ల సంచి లేకుండా వచ్చాడు.
"ఆరిపోయాక చూస్తే ఏం తెలుస్తుంది?
ఆరుతుండగా చూడాలి."
స్టూలు లాక్కుని హీటర్‌కి ఎదురుగా,
ఎలుక కన్నం ముందు పిల్లిలా కూర్చున్నాడు.
నేను ఇద్దరికి జుట్టు కత్తిరించాను.
తలుపు మూసే ఉంది. స్టవ్ మండుతూనే ఉంది.
సాయంత్రమైతే రోజూ వచ్చే తలనొప్పి
ఆ రోజూ వేళకి వచ్చింది.

గంటన్నరకి, "ష్" అన్నాడు.
మంట అంచు పసుపెక్కింది.
రాగిమొనని వదిలి పైకి లేచింది,
గుడ్డివాడి చెయ్యిలా అటూ ఇటూ తడిమింది.
టిక్.

ఆయన హీటర్ వంక చూడలేదు.
గోడల వంక చూశాడు, ఒక్కొక్కటే, నింపాదిగా.
కేలండర్ పక్కకి జరిపాడు.
వెనక గాలి వచ్చే జల్లెడరేకు, దానికి అడ్డంగా గోధుమరంగు టేపు,
టేపు కింద కుక్కిన మా తమ్ముడి పాత స్వెటర్.
"ఎవరు?"
"నేనే. ఏప్రిల్‌లో. చలి."

కేకలేస్తాడనుకున్నా.
టేపు పీకాడు. స్వెటర్ బయటికి లాగుతుంటే
గాలి ఈల వేస్తూ లోపలికొచ్చి
నేల మీది వెంట్రుకలన్నీ లేపింది.
"గదిలో గాలి తగ్గితే తనంతట తాను ఆరేలా
చేసిన మంట ఇది. పాడవలేదు.
అది ఆరిపోతూనే ఉంది,
నువ్వు వెలిగిస్తూనే ఉన్నావ్. ఎన్నిసార్లు?"
నేను చెప్పలేదు. వినపడని చెవి వైపు నిలబడ్డాను.

గాలి ముదిరినరోజు నడవడానికి
వీధుల్లో తాళ్లు కట్టే ఊరు మాది.
ఆ ఊళ్లో నా మంటకి గాలి కరువైంది.

డబ్బులిస్తే పుచ్చుకోలేదు.
గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చి
పై జల్లెడ కూడా చూశాడు.
అక్కడ నేను అతికించిన జడల ఫోటో చింపి
మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం ఎదెల్మీరా గారొచ్చారు.
"చీలమండలు కోసేస్తోంది, ఆ కన్నం మూయరాదూ?"
ఉన్నిమేజోళ్లు ఇచ్చాను.
ఇంకా సణుగుతూనే తల వెనక్కి వాల్చింది.
నీళ్లు ముందు నా మణికట్టు మీద పోసుకుని చూశాను.
"కళ్లు మూసుకోండి" అన్నాను,
"నురగ కారుతోంది."